అక్క గొంతు దాచిన పెట్టె

నంద్యాల,
27 అక్టోబర్ 2024

తమ్ముడు ఫిలిప్‌కు అక్క లీదియా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నువ్వూ ప్రియాంకా బాగున్నారని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నువ్వు ఫోనులో "ఎలా ఉన్నావక్కా" అని పంపితే "బాగున్నా" అని కొట్టి ఊరుకుంటున్నాను. బొటనవేలితో మాట్లాడటం నాకు చేతకాదు. ఇరవై రెండేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, కాగితం మీదయితే నాలుగు మాటలు వస్తాయి.

గొంతు ఆపరేషనై ఐదు వారాలు దాటింది. మెడ కింద ఊపిరికి పెట్టిన రంధ్రానికి అలవాటు పడుతున్నాను. దానిమీద పల్చటి గుడ్డ కట్టుకుంటాను, స్నానం చేసేటప్పుడు నీళ్లు పోకుండా చూసుకుంటాను. అలవాటు పడలేనిది ఇంకొకటుంది. ఇంట్లో అందరూ నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. పోయింది నా గొంతు, చెవులు కాదు. మీ బావ ఆఫీసు నుంచి రాగానే టీవీ పెట్టేస్తారు. చూడరు, ఊరికే మోగుతూ ఉండాలంతే. జాస్మిన్ పక్కగదిలోంచి "అమ్మా, నా సాక్సులెక్కడ" అని అరిచి, గుర్తొచ్చి, తనే వెతుక్కుంటుంది. పోయిన వారం నుంచి అరవడం కూడా మానేసింది.

అందుకే నీ కంప్యూటరు పెట్టె మీద ఆశ పెట్టుకున్నాను. ఆపరేషన్‌కు ముందు మీ చందానగర్ ఇంట్లో ఉన్న ఇరవై రోజులూ మర్చిపోలేను. చిన్నగదిలో దుప్పట్లు వేలాడదీసి, మైకు పెట్టి, నాచేత పదహారు వందల నలభై వాక్యాలు చదివించావు. "ఈ రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుంది", "నిమ్మకాయలు పుల్లగా ఉంటాయి". నువ్వు "ఇంకోసారి అక్కా" అన్నప్పుడల్లా విసుక్కున్నాను. అప్పటికే జీర పట్టినా అది నా గొంతే కదా. నీ ప్రోగ్రాం ఆ గొంతు నేర్చుకుంటే, నేను ఫోనులో రాసింది ఫోను నా గొంతుతో చెబుతుందన్నావు.

చివరి రెండు రోజులు నువ్వు ఆఫీసుకు వెళ్లాక నా ఇష్టమొచ్చినవి చెప్పి పెట్టుకున్నాను. అవి జాస్మిన్‌వి. నువ్వు వినకు.

ఎప్పటికవుతుందో రాయి.

నీ అక్క,
లీదియా

*

చందానగర్,
10 నవంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్రియాంక ఒకసారి చదివి కళ్లు తుడుచుకుంది. పదో తరగతి తర్వాత నేను పెన్ను పట్టి ఇంత రాయడం ఇదే. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు.

పని ఎందుకు ఆలస్యమైందో చెబుతాను. నా స్టోరేజీ పెట్టె పాతది. రెండు డిస్కులుంటాయి, ఇంటి ఫొటోలూ వీడియోలూ నీ రికార్డింగులూ అన్నీ అందులోనే. దాచడానికి బాగానే ఉంది కాని, నీ వాక్యాలను శుభ్రం చేసే ప్రోగ్రాం పెడితే సగంలో ఆగిపోయేది. ఫ్యాను చప్పుడు తీసెయ్యాలి, దగ్గులు తీసెయ్యాలి, ఒక్కో వాక్యాన్నీ విడదీయాలి. అంత పని పట్టుకోవడానికి పెట్టెలో మెమరీ చాలలేదు. రెండు జీబీయే ఉండేది.

కంపెనీ మెమరీ తెప్పిద్దామంటే పదిహేను రోజులన్నారు. ఆఫీసులో నరేందర్ అని నా పక్కసీటు మిత్రుడు తన దగ్గర పాత స్టిక్కు ఒకటుందని తెచ్చిచ్చాడు. వేలెడంత పచ్చ పలక. నాలుగు మరలు విప్పి, గాడిలో పెట్టి నొక్కితే టిక్కుమంది. అంతే. ఇప్పుడు పెట్టె పరిగెడుతోంది. నెలరోజులుగా కానిది రెండు రోజుల్లో అయిపోయింది. నీ పదహారు వందల నలభై శుభ్రమై వరుసలో కూర్చున్నాయి.

పెద్ద కంపెనీలు ఈ పని గంటలో చేసిపెడతాయి. కాని నీ గొంతు ఏ కంపెనీ చేతికీ ఇవ్వను. మన ఇంటిది మన ఇంట్లోనే ఉండాలి. గచ్చిబౌలిలో కూర్చుని పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్ల డేటా కాపాడుతున్నాను, అక్క గొంతు కాపాడలేనా?

క్రిస్మస్ అయ్యేసరికి నీ ఫోను నీలా మాట్లాడుతుంది. జాస్మిన్‌కు చెప్పు, సాక్సుల కోసం అరవడం మానొద్దని.

నీ తమ్ముడు,
ఫిలిప్

*

నంద్యాల,
29 డిసెంబర్ 2024

ఫిలిప్‌కు వందనాలు. క్రిస్మస్‌కు మీరు వస్తారనుకున్నాం. ఆఫీసు పని అని ఒక్క ముక్క పంపావు. సరేలే.

ఆరాధనలో పాటల వరుసలో నన్నూ నిలబెట్టారు. వద్దంటే ఊరుకోలేదు. పద్దెనిమిదేళ్లు మొదటి చరణం ఎత్తుకున్న మనిషిని పక్కన పెట్టడానికి వాళ్లకు మనసు రాలేదు. పుస్తకం పట్టుకుని పెదాలు కదిపాను. నా పక్కనున్న పిల్ల శ్రుతి తప్పింది. అలవాటు చొప్పున దాని కోసం కాస్త గట్టిగా ఎత్తుకోబోయాను. ఏమీ రాలేదు. ఆ పిల్ల తప్పుగానే ముగించింది.

స్కూల్లో చేరాను. పాఠం చెప్పలేను కనుక లైబ్రరీ ఇచ్చారు. ఆసుపత్రివాళ్లు గొంతుకు ఆనించుకునే యంత్రం ఇచ్చారు, నొక్కితే గుర్రుమని మాట వస్తుంది. ఏడో తరగతి పిల్లల దగ్గర ఒకసారి వాడాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. భయపడ్డారు. మళ్లీ తీయలేదు.

మొత్తం పని కాకపోయినా పర్వాలేదు. ఒక్క వాక్యం పంపు. "జాస్మిన్, లేమ్మా, టైమైంది." ఇదొక్కటే. పరీక్షలకు పొద్దున్నే లేచి చదవాలి దానికి. ఇప్పుడు భుజం తట్టి లేపుతున్నాను. తట్టితే ఉలిక్కిపడుతుంది. పిలిస్తే ఉలిక్కిపడేది కాదు.

అక్క

*

చందానగర్,
12 జనవరి 2025

అక్కా,

ఉత్తరం అందింది. ఆఫీసులో పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. మా టీములో నలుగురిని తీసేశారు. వాళ్ల పని కూడా మామీదే పడింది.

నీ గొంతు పని జరుగుతోంది. ప్రోగ్రాం నేర్చుకోవడానికి టైం పడుతుంది. తొందరపడి ఏదో ఒకటి పంపితే నీకు నచ్చదు. కొంచెం ఓపిక పట్టు.

జాస్మిన్‌ను బాగా చదవమను. బావకు నమస్కారాలు.

ఫిలిప్

*

నంద్యాల,
2 ఫిబ్రవరి 2025

ఫిలిప్,

నీ ఉత్తరంలో పది వాక్యాలున్నాయి. పిల్లలు సెలవు చీటీ ఇంకా శ్రద్ధగా రాస్తారు. నీకేమైందో నాకు తెలియదు. అడిగే ఓపిక కూడా ఇవాళ లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

శుక్రవారం సాయంత్రం స్కూలు వదిలాక మా వీధి మలుపులో జాస్మిన్ నాకు ముప్పై అడుగుల ముందు నడుస్తోంది. స్నేహితురాలి పుస్తకాలు జారిపడితే వంగి ఏరుతోంది. పక్క సందులోంచి నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తోంది. డ్రైవరుకు అది కనబడదు, వంగి ఉంది కదా. నాకు కనబడుతోంది. అంతా కనబడుతోంది.

నోరు తెరిచాను ఫిలిప్. నాకు తెలిసినంత గట్టిగా అరిచాను. మెడలోంచి గాలి వచ్చింది. గుడ్డ ఎగిరింది, అంతే. పరిగెత్తాను. చేతిసంచి విసిరాను. ఇంతలో ఎవరో ట్యాంకరు మీద చేత్తో బాదితే ఆగింది. అప్పటికే బంపరు తగిలి జాస్మిన్ పక్కకు పడింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర రెండు చోట్ల విరిగింది. ప్రాణం మిగిలింది, అది దేవుడి దయ. పరీక్షల్లో దాని బదులు రాయడానికి తొమ్మిదో తరగతి అమ్మాయిని వెతకమన్నారు. మా ఇంట్లో ఒకరికి గొంతు లేదు, ఒకరికి చెయ్యి లేదు.

ఆసుపత్రిలో మంచం మీద అడిగింది, "మా, నువ్వు నన్ను పిలిస్తివా?" అని.

తలూపాను. అది నిజమో అబద్ధమో నాకే తెలియదు.

ఫోనులోని గొంతు ఆ పూట దాన్ని కాపాడి ఉండేది కాదు. అంత తెలివితక్కువదాన్ని కాను. టైపు చేసేలోపు ట్యాంకరు ఆగదు. అయినా నాకు కావాలి. ఆసుపత్రిలో అది నొప్పితో ముడుచుకుపోతుంటే, "నేనున్నాను నాన్నా" అని దాని చెవిలో నా గొంతుతో చెప్పడానికి కావాలి. పలక మీద రాసి చూపించాను. చదివే స్థితిలో లేదు.

ఎంతవరకు అయిందో ఉన్నదున్నట్టు రాయి. దాచకు.

లీదియా

*

చందానగర్,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

ఈ ఉత్తరం బావకు కూడా చూపించు. మళ్లీ ఆయనకు విడిగా చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ రికార్డింగులు పోయాయి. నావల్లే పోయాయి.

డిసెంబర్ ఇరవైన తెలిసింది. ప్రోగ్రాం తయారుచేసిన మొదటి గొంతు వింటే మాటకూ మాటకూ మధ్య టకటకమని చప్పుడు, రేకు మీద గోళ్లతో గీకినట్టు. ప్రోగ్రాం తప్పేమో అనుకుని నీ అసలు వాక్యాలు తెరిచాను. వాటిలోనూ అదే. ఒకటి సగంలో తెగింది, ఒకదాంట్లో నీ మాట నీటిలో మునిగినట్టుంది, చాలావరకు తెరుచుకోనే లేదు. ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చున్నాను. పదహారు వందల నలభైలో ముప్పై ఎనిమిది మిగిలాయి.

ఎలా జరిగిందో నీకు అర్థమయ్యేలా చెప్పాలి. మెమరీ అంటే పెట్టెకు అరచెయ్యి లాంటిది. డిస్కులో ఉన్న దేన్నయినా ముందు అరచేతిలోకి తీసుకుని, దానిమీద పని చేసి, తిరిగి డిస్కులో పెడుతుంది. నేను పెట్టిన స్టిక్కులో కొన్ని చోట్ల చెడి ఉంది. ఆ చోట్ల మీదుగా వెళ్లిన ప్రతిదీ చెడింది. పెట్టెకు ఆ సంగతి తెలియదు. చెడిపోయినదాన్నే సరైనదనుకుని రాసుకుంటూ పోయింది. నేనేమో శుభ్రమైనవి వచ్చాయి కదా అని పాతవి తీసెయ్యమన్నాను. రికార్డు చేసిన ల్యాప్‌టాప్ ఆఫీసుది, అన్నీ పెట్టెలోకి మార్చేశాననుకుని దాన్ని తుడిచి ఇచ్చేశాను. రెండో కాపీ ఉంచే డిస్కు ఒకటుంది. అది ప్రతి ఆదివారం పెట్టెను చూసి తనను తాను మార్చుకుంటుంది. పెట్టెలో ఉన్న చెడే దానిలోకీ వెళ్లింది.

నరేందర్‌కు ఫోన్ చేశాను. "టెస్టు పెట్టినవా లేదా?" అన్నాడు. "ఆ స్టిక్కు రెండేండ్ల సంది నా డ్రాయర్ల పడున్నది. ఒక దినం పూరా టెస్టు నడిపించినంకనే వాడు అని నేను చెప్పిన గద."

చెప్పాడక్కా. మెమరీ మార్చగానే పరీక్షించాలని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్లెవరైనా పరీక్షించకుండా మెమరీ పెడితే వాళ్లను నేనే నిలబెట్టి అడుగుతాను. ఆ రోజు ఒక్కరోజు ఆగలేకపోయాను. నువ్వు ఎదురుచూస్తున్నావని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. నెలరోజులుగా కాని పని ఇవాళ అవుతుందంటే చేతులు ఆగలేదు. అన్నీ పోయాక పరీక్ష పెట్టాను. పన్నెండు నిమిషాలకే తెర మీద తప్పులు చూపే ఎర్ర గీతలు మొదలయ్యాయి.

క్రిస్మస్‌కు రాకపోవడం అందుకే. జనవరిలో రాసిన ఉత్తరం అబద్ధం. మా టీములో ఎవరినీ తీసెయ్యలేదు. ప్రియాంకకు కూడా నెలన్నర చెప్పలేదు. నీ రెండో తారీకు ఉత్తరం తనే విప్పింది. చదివి నా ముందు పెట్టి, "వదిన గింత అడుగుతుంటే ఎన్ని దినాలు దాస్తవు? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

ఇంకొక్కటి మిగిలింది. జాస్మిన్ కోసం నువ్వు చెప్పుకున్నవి. మిగతావాటితో పాటే ప్రోగ్రాంకు ఇచ్చాను కాని, నువ్వు వద్దన్నావని ముందెప్పుడూ తెరిచి వినలేదు. ఏమైనా మిగిలాయేమోనని డిసెంబర్‌లో తెరిచాను. పదకొండు ఉన్నాయి. నేనేమీ వినలేదక్కా. వినడానికి వాటిలో ఏమీ లేదు.

ఫిలిప్

*

చందానగర్,
30 మార్చి 2025

అక్కా,

ఏడు వారాలైంది. బావ ఫోనులో "ఉత్తరం అందింది" అని మాత్రం అన్నారు. జాస్మిన్ పరీక్షలు ఎలా రాసిందో తనకు పంపిన మెసేజీకి కూడా జవాబు లేదు. నువ్వు రాయకపోవడం న్యాయమే. నేను రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

డిస్కులు రెండూ తీసి మాదాపూర్‌లో పోయిన డేటా వెలికితీసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. శ్రీనివాసరావు గారని, కాకినాడ వైపు మనిషి. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. తర్వాత పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మీ డిస్కులకి ఏ జబ్బూ లేదండి," అన్నారు. "మీరేది రాశారో దాన్నే భద్రంగా దాచాయండి. రాసిందే తప్పు. దాని కింద పాతది ఉంటుందేమోనని చూశాను. దానిమీద మీరే చాలాసార్లు రాసేశారండి."

ఇంకేమైనా దారి ఉందా అని అడిగాను. ఆయన "ఎవరి గొంతండి?" అని అడిగారు. చెప్పాను. నా దగ్గర ఏమీ తీసుకోకుండా డిస్కులు సంచిలో పెట్టిచ్చారు.

ఇంట్లో పాత వీడియోలన్నీ వెతికాను. పెట్టెలో ఉన్నవన్నీ, నీ ఫోనులోంచి మార్చినవి కూడా, ఆ స్టిక్కు మీదుగా వెళ్లి చెడిపోయాయి. చుట్టాలను అడిగి తెప్పించిన వాటిలో నువ్వు లేవు. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఫోను పట్టుకుని తీసింది ఎప్పుడూ నువ్వే. ఒకదాంట్లో మాత్రం తెర వెనక నుంచి "ఇటు చూడండి" అని వినబడుతుంది. దానిమీద బ్యాండు మోగుతోంది.

మిగిలిన ముప్పై ఎనిమిది వాక్యాలతో ప్రోగ్రాం చేత ఒక గొంతు చేయించాను. అంత తక్కువతో సరిగ్గా రాదని తెలుసు. లేని చోట్లు అది ఊహించుకుంటుంది. నాకు ఒక్కోసారి అచ్చం నువ్వే అనిపిస్తుంది. ప్రియాంక కాదంటోంది. "జాస్మిన్, లేమ్మా, టైమైంది" అని చెప్పించాను. ఇంకో ఇరవై వాక్యాలు కూడా. పెన్‌డ్రైవ్‌లో పెట్టి దీంతో పంపుతున్నాను. టీవీకి పెడితే వినొచ్చు. నచ్చకపోతే పారెయ్యి.

నీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంతే మిగిలింది.

ఫిలిప్

*

నంద్యాల,
20 ఏప్రిల్ 2025

ఫిలిప్,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెట్టాను. మూడుసార్లూ మొదటి వాక్యం "నిన్ను క్షమించాను" అని రాసి చించేశాను. క్షమించమని దేవుని వాక్యం చెబుతుంది, చెయ్యి రాయదు. అబద్ధం ఎందుకని దాన్ని వదిలేశాను.

నీ ఫిబ్రవరి ఉత్తరం చదివాక మీ బావ రెండు రోజులు టీవీ పెట్టలేదు. నాకు కోపం వచ్చింది నీ తొందర మీద కాదు. తొందర నాదీ ఉంది. పోయిందని తెలిశాక యాభై రోజులు నన్ను ఎదురుచూడనిచ్చావు. ఆ యాభై రోజులూ ప్రతి ఉదయం జాస్మిన్ భుజం తట్టి, ఇంకొన్నాళ్లేలే అనుకున్నాను. పొద్దున లేవడానికి నాకు అదే ఆధారంగా ఉండేది. అది నీకు తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నావు.

పెన్‌డ్రైవ్ అందిన రోజు ముగ్గురం కూర్చుని విన్నాం. మీ బావ టీవీకి పెట్టారు. "భోజనానికి రండి" అంది. "వాన వచ్చేలా ఉంది" అంది. "జాస్మిన్, లేమ్మా, టైమైంది" అంది. నా మాటల్లా ఉన్నాయి, నా గొంతులాగా కూడా ఉంది. కాని ఆ మనిషి జాస్మిన్‌ను ఎన్నడూ చూసినట్టు లేదు. మీ బావ లేచి బయటికి వెళ్లి, పొద్దున పోసిన కుండీలకే మళ్లీ నీళ్లు పోశారు. జాస్మిన్ మాత్రం "బాగుంది మా" అంది. రోజూ పొద్దున ఫోనులో అదే పెట్టుకుని లేచింది. నాకు సంతోషం కలిగించడానికని తెలుసు. నేనూ సంతోషించినట్టే ఉన్నాను. పది రోజులు అలా నడిచింది.

నిన్న నేను బియ్యం కడుగుతుంటే వచ్చి వెనక నిలబడింది.

"మా, ఒకటి చెప్తా. ఏడ్చకూడదు."

తలూపాను.

"ఇంతకుముందు కళ్లు మూసుకుంటే నీ గొంతు వినపడతా ఉండె. నువ్వు తిట్టేది, నన్ను పిలిచేది, అంతా. చెయ్యి విరిగినప్పుడు కూడా వినపడింది. నేను దాంతోనే ఉంటి." చేతిలోని ఫోను వైపు చూసింది. "మామ పంపిచ్చింది విన్నప్పట్నుంచి అది రావడంల్యా. ఎంత గుర్తు చేసుకున్నా ఫోన్లోదే వస్తాంది. నీది ఎట్లుండెనో నాకు తెలియడంల్యా మా."

దాని చేతిలోంచి ఫోను తీసుకుని ఆ వాక్యం తుడిచేశాను. తుడిస్తే తిరిగి వస్తుందేమోనని. ఇవాళ పొద్దున కళ్లతోనే అడిగాను. లేదని తలూపింది.

నేను కూడా ప్రయత్నించాను. ఒంటరిగా కూర్చుని, నేను పాఠం చెప్పేటప్పుడు ఎలా మాట్లాడేదాన్నో గుర్తు చేసుకున్నాను. మాటలు గుర్తొచ్చాయి. గొంతు రాలేదు. మీ బావను అడగలేదు. ఆయనకైనా గుర్తుందేమో. అడిగితే ఆయనా వెతుక్కుంటారు, దొరకకపోతే ఆయనకు కూడా తెలిసిపోతుంది. అందుకే అడగను.

పెన్‌డ్రైవ్ తిరిగి పంపుతున్నాను. నీ దగ్గరున్న ఆ ముప్పై ఎనిమిది కూడా ఇక దేనికీ వాడకు. నా గొంతు పేరుతో ఇంకేదీ తయారుచెయ్యకు. నీది మంచి ఉద్దేశమే. ఇంతవరకు జరిగిందంతా మంచి ఉద్దేశంతోనే జరిగింది.

జాస్మిన్ చేతికట్టు విప్పాక నిన్నూ ప్రియాంకనూ ఒకసారి రమ్మని రాద్దామనుకున్నాను. కట్టు విప్పి నాలుగు వారాలైంది. పొద్దున్నించి ఈ కాగితం ముందు కూర్చున్నాను. రమ్మని రాయలేకపోతున్నాను.

లీదియా